స్కైరిమ్ ఆట: బలాలు, లోపాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

కందుకూరులోని మా మేడ మీది గదిలో నేను స్కైరిమ్ ఆడటం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. కొత్తగా ల్యాప్‌టాప్ కొన్న మా మేనల్లుళ్ళు, ఒంగోలులో వారితో కలిసి ఇంజినీరింగు చదివే స్నేహితులు, కావలి నుంచి అప్పుడప్పుడు ఫోను చేసే పరిచయస్తులు, అందరూ దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతూ ఉండటం వల్ల, చెప్పిందే చెప్పే బదులు సమాధానాలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఆట మీద నాకున్న ఇష్టం ఇందులో కనబడుతుంది. అయినా లోపాలను దాచలేదు.

స్కైరిమ్ ఎటువంటి ఆట?

ఇది కల్పిత లోకంలో జరిగే రోల్ ప్లేయింగ్ ఆట. అంటే మనమే ఒక పాత్రను తయారుచేసుకుని, ఆ పాత్రగా ఆ లోకంలో బతకాలి. బెథెస్డా గేమ్ స్టూడియోస్ దీనిని టాడ్ హోవర్డ్ దర్శకత్వంలో తయారుచేసింది. 2011 నవంబరు 11న విడుదలైంది. 1994లో అరీనాతో మొదలైన ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో ఇది అయిదవ ప్రధాన ఆట. దీనికి ముందు వచ్చినవి డాగర్‌ఫాల్, మారోవిండ్, ఆబ్లివియన్. వాటిని ఆడకపోయినా దీని కథ అర్థమవుతుంది.

ఆట మొదలయ్యేసరికి మనం చేతులు కట్టివేయబడిన ఖైదీగా బండిలో ఉంటాము. హెల్గెన్ అనే ఊరిలో మన తల నరకడానికి గొడ్డలి ఎత్తబోయే సమయానికి ఆల్డుయిన్ అనే నల్లని డ్రాగన్ వచ్చి ఊరిని తగలబెడుతుంది. డ్రాగన్లను చంపి వాటి ఆత్మలను తనలోకి తీసుకోగల శక్తి పుట్టుకతోనే ఉన్న మనిషి మనమేనని కొద్దిసేపటికి తెలుస్తుంది. ఒకవైపు ఆ డ్రాగన్ల కథ, మరొకవైపు సామ్రాజ్యానికీ స్టార్మ్‌క్లోక్ తిరుగుబాటుదారులకూ మధ్య అంతర్యుద్ధం, ఈ రెంటి చుట్టూ కొన్ని వందల చిన్న పనులు ఉంటాయి.

దీని అసలు బలం ఏమిటి?

దారి తప్పే స్వేచ్ఛ. ప్రధాన కథ ఏడువేల మెట్లున్న కొండ మీది మఠానికి వెళ్ళమని మనకు చెబుతుంది. మనం బయలుదేరుతాము. దారిలో ఒక వాగు, వాగు పక్కన పాడుబడిన బురుజు, బురుజు మీద పొగ కనిపిస్తాయి. పొగ ఎందుకు వస్తున్నదో చూద్దామని ఎక్కితే అక్కడ దొంగలు ఉంటారు, వారి పెట్టెలో ఒక ఉత్తరం దొరుకుతుంది, ఆ ఉత్తరం మరో గుహకు దారి చూపుతుంది. మూడు గంటల తరువాత మఠానికి వెళ్ళాల్సింది కదా అని గుర్తుకు వస్తుంది. ఉదయగిరి దుర్గం చూడాలని బయలుదేరి, దారిలో ఎవరో చెప్పిన ఒక కోన దగ్గర, ఒక గుడి దగ్గర ఆగి ఆగి, పొద్దు వాలాక కొండ కిందికి చేరుకున్న అనుభవం ఉన్నవారికి దీనిని వేరే వివరించనవసరం లేదు.

ఈ స్వేచ్ఛకు తోడ్పడేది లోకాన్ని అమర్చిన తీరు. కొండ మీద దూరంగా ఏదైనా కనిపిస్తే అది కేవలం బొమ్మ కాదు, చాలావరకు అక్కడికి నడిచి వెళ్ళవచ్చు. తొమ్మిది సంస్థానాలలో ప్రతిదానికీ తనదైన నేల, వాతావరణం ఉన్నాయి. వైట్‌రన్ చుట్టూ పచ్చిక మైదానం, రిఫ్టెన్ దగ్గర పసుపు పచ్చని ఆకుల అడవి, వింటర్‌హోల్డ్‌లో మంచు తప్ప మరొకటి లేదు. జెరెమీ సోల్ సమకూర్చిన సంగీతం ఆ నడకకు అడ్డు రాకుండా వెనుక వినబడుతూ ఉంటుంది. మే నెలలో రోహిణి కార్తె ఎండకు ఫ్యాను గాలి కూడా వేడిగా తగులుతున్నప్పుడు, తెర మీద మంచు కురుస్తూ రాత్రి ఆకాశంలో పచ్చని వెలుగులు కదులుతూ ఉంటే కలిగే హాయిని నేను బలాల జాబితాలో నిస్సంకోచంగా చేర్చుతాను.

గుహలూ సమాధులూ అన్నీ ఒకేలా ఉంటాయని అంటారు. నిజమేనా?

సగం నిజం. రివర్‌వుడ్ అనే చిన్న ఊరిలో అంగడి నడిపే లూకన్, బంగారు గోరు అనే పంజా ఆకారపు వస్తువు ఒకటి దొంగతనానికి గురైందని చెబుతాడు. అతని చెల్లెలు కమీలా మనతో పాటు ఊరి చివరి దాకా నడిచి కొండ మీది పాత సమాధిని చూపిస్తుంది. లోపల మొదట మూడు రాతి స్తంభాలు ఎదురవుతాయి. వాటిని తిప్పితే పాము, పక్షి, చేప వంటి బొమ్మలు మారతాయి. ఏ క్రమంలో ఉంచాలో పైన గోడ మీద రాతి ముఖాలలో చెక్కి ఉంటుంది, అయితే వాటిలో ఒక ముఖం ఊడి కింద నేల మీద పడి ఉంటుంది. దానిని గమనించకుండా మీట లాగితే విషపు బాణాలు వస్తాయి. ఇంకా లోపలికి వెళితే సాలెగూటిలో చిక్కుకున్న దొంగ దగ్గర ఆ గోరు ఉంటుంది. చివరి తలుపు మీద మూడు వలయాలు ఉంటాయి. సమాధానం ఎక్కడా రాసి ఉండదు. సంచిలోని గోరును బయటికి తీసి, తిప్పి, దాని అరచేతి వైపు చూస్తే ఎలుగుబంటి, చిమ్మట, గుడ్లగూబ బొమ్మలు కనిపిస్తాయి. అదే తాళం. నేను మొదటిసారి ఆ తలుపు ముందు ముప్పావు గంట కూర్చుని, వలయాలను వరసగా అన్ని రకాలుగా తిప్పి చూస్తూ పోయాను. గోరును తిప్పి చూడాలని తట్టలేదు. తట్టిన క్షణంలో కలిగిన సంతోషం మాత్రం ఇంకా గుర్తుంది.

ఇబ్బంది ఏమిటంటే, ఇటువంటి తలుపు ఇంకా చాలా సమాధులలో వస్తుంది. రెండవసారికి రహస్యం తెలిసిపోతుంది కనుక అది చిక్కుముడిగా మిగలదు, తాళం తీసే పనిగా మారుతుంది. ప్రేతాలు అవే, ఉచ్చులు అవే, చివరి గదిలో పెట్టె అదే. పెట్టె తెరిచాక బయటపడటానికి దగ్గర దారి ఒకటి సిద్ధంగా ఉంటుంది. వెనక్కి నడిచే శ్రమ తప్పుతుంది కానీ, మన కోసమే ఎవరో కట్టి పెట్టారన్న అనుమానం ప్రతిసారీ కలుగుతుంది. భైరవకోనలో ఎనిమిది గుహాలయాలు ఒకే కొండలో తొలిచినా, నిదానంగా చూసేవారికి ఒకదానికీ మరొకదానికీ తేడా తెలుస్తుంది. స్కైరిమ్‌లో అరవయ్యో సమాధికి ఆ తేడా వెతుక్కోవాలి. బ్లాక్‌రీచ్ అనే భూగర్భ లోకం మాత్రం దీనికి మినహాయింపు. మెరిసే పుట్టగొడుగుల కింద నడిచే ఆ చోటును ముందుగా చిత్రాలలో చూడకుండా ఆటలోనే చూడమని నా మనవి.

యోధుడా, మాంత్రికుడా, దొంగా అన్నది మొదటే తేల్చుకోవాలా?

అవసరం లేదు. పది జాతులలో ఒకదానిని ఎంచుకుంటే చాలు. ఆపైన 18 విద్యలలో మీరు దేనిని వాడితే అది పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తి విద్య, తాళాలు తీస్తే తాళాల విద్య. ఈత నేర్చుకోవాలంటే నీళ్ళలో దిగాలన్న మాటను ఆట అక్షరాలా పాటిస్తుంది. విద్యలు పెరిగిన కొద్దీ స్థాయి పెరుగుతుంది. ప్రతి స్థాయికి ఆరోగ్యం, మంత్రశక్తి, దమ్ము, ఈ మూడింటిలో ఒకదానికి పది పాయింట్లు చేర్చుకుని, ఒక ప్రత్యేక నైపుణ్యాన్ని ఎంచుకోవచ్చు.

కొత్తవారికి ఇంత సులభమైన పద్ధతిని నేను వేరే ఆటలో చూడలేదు. దీనిలోని బలహీనత ఏమిటంటే, ఎవరు ఎలా మొదలుపెట్టినా చివరికి అందరూ వంగి నడుస్తూ చీకటిలోంచి బాణాలు వేసే విలుకాండ్రు అవుతారు. ఆ పద్ధతి మిగిలినవాటి కంటే అంత లాభసాటిగా ఉంటుంది. మా పెద్ద మేనల్లుడు ఈసారి మంత్రవిద్యే అని ఒట్టు వేసుకుని మొదలుపెట్టి, పదిహేనవ స్థాయికల్లా విల్లు పట్టాడు.

మరి దీని అతిపెద్ద లోపం ఏమిటి?

మీరు చేసిన పనిని ఆ లోకం గుర్తుంచుకోదు. వింటర్‌హోల్డ్ మంత్రకళాశాలలో నాలుగైదు చిన్న మంత్రాలతో నెట్టుకొచ్చి కొద్ది రోజులలోనే ప్రధానాచార్య పదవి పొందవచ్చు. కంపానియన్స్ అనే వీరసంఘంలో మీరు చేరారని తెలిసిన కాపలాభటుడు, అప్పటికి మీరు ఎన్ని డ్రాగన్లను చంపినా, అక్కడ మధువు మోసే పనా అని ఎగతాళి చేస్తాడు. అంతర్యుద్ధంలో ఒక పక్షాన్ని గెలిపిస్తే కొన్ని ఊళ్ళలో పాలకుడు మారతాడు, భటుల దుస్తులు మారతాయి. అంగడి ముందు ముచ్చట్లు మాత్రం దాదాపు అవే.

ఆ యుద్ధం నడిచే తీరు కూడా చాలా పలుచన. రాజ్యం తలకిందులయ్యే కోట ముట్టడిలో ఒకసారికి కనిపించే సైనికులు పాతికమంది ఉంటే ఎక్కువ. అరగంటలో కోట చేతికి వస్తుంది. గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరిని పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదికి పైగా పట్టింది, 1514లో గాని కోట లొంగలేదు. ఆ కొండ ఎక్కి కింది లోయను చూసినవాడికి ఆటలోని ముట్టడి పిల్లల కర్రసాములా అనిపిస్తుంది. అప్పటి కంప్యూటర్ల శక్తి అంతే కదా అన్న సమాధానం సైనికుల సంఖ్యకు సరిపోతుంది. యుద్ధం తరువాత జనం మాటతీరు మారకపోవడానికి సరిపోదు.

నా ఉద్దేశంలో ఈ లోపమూ, ముందు చెప్పిన బలమూ ఒకే వేరు నుంచి వచ్చినవి. ఆల్డుయిన్ లోకాన్ని మింగేస్తానని బయలుదేరిన తరువాత కూడా మనం వంద రోజులు చేపలు పట్టుకుంటూ, పూలు కోసుకుంటూ తిరగవచ్చు. అతడు ఎదురుచూస్తూనే ఉంటాడు. అలా ఎదురుచూడటం వల్లనే మనకు దారి తప్పే స్వేచ్ఛ ఉంది. ఎదురుచూసే లోకంలో ఆలస్యానికి వెల ఉండదు కనుక మన చేతలకు బరువూ ఉండదు. ఈ బేరం మీకు నచ్చుతుందా లేదా అన్నదే ఆట కొనే ముందు ఆలోచించవలసిన విషయం.

పోరాటం ఎలా ఉంటుంది?

సాధారణం. చేతిలోని ఆయుధానికి తగిలిన బరువు తెలియదు. శత్రువు ఆరోగ్యపు గీత తగ్గడాన్ని బట్టే దెబ్బ పడిందని తెలుసుకోవాలి. దొంగ గొడ్డలి ఎత్తి నెత్తి మీదికి దించబోతుండగా మనం సంచి తెరిస్తే కాలం ఆగిపోతుంది. తీరికగా ఇరవై జున్ను గడ్డలు, నాలుగు గిన్నెల పులుసు, రెండు రొట్టెలు తిని, సంచి మూసి, మళ్ళీ కత్తి ఎత్తవచ్చు. నెల్లూరు చేపల పులుసుతో భోజనం చేసినవారెవరూ ఆ తరువాత లేచి యుద్ధం చేయగలరని నేను నమ్మను.

డ్రాగన్ భాషలో అరిచే అరుపులు మాత్రం పోరాటానికి ప్రాణం. ఒక్కో అరుపులో మూడు మాటలు ఉంటాయి, వాటిని పాత గోడల మీద వెతికి నేర్చుకోవాలి. కొండ అంచున నిలబడిన శత్రువును ఒక్క అరుపుతో లోయలోకి నెట్టడం పదేళ్ళ తరువాత కూడా విసుగు పుట్టించదు.

మంత్రవిద్య బలహీనమని విన్నాను.

విధ్వంస మంత్రాల విషయంలో సరైన మాటే. విద్య పెరిగితే మంత్రానికి ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది కానీ, మంత్రపు దెబ్బ దానితో పాటు పెరగదు. నైపుణ్యాలు ఎంచుకుంటే కొంత పెరిగి అక్కడ ఆగిపోతుంది. కత్తి పట్టినవాడు కమ్మరి పనితో తన కత్తికి పదును పెంచుకుంటూ పోతూ ఉంటే మాంత్రికుడు వెనుకబడతాడు. ఆవాహన, మాయ విద్యలు ఇంతకంటే నయం.

మందుల తయారీ మాత్రం ఆటలో అందరూ చిన్నచూపు చూసే మంచి భాగం. ప్రతి మూలికకు నాలుగు గుణాలు ఉంటాయి, నోట్లో వేసుకుంటే మొదటిది తెలుస్తుంది. ఒకే గుణం ఉన్న రెండింటిని కలిపితే మందు తయారవుతుంది. దారి పక్కన పూసే నీలి కొండపూవును గోధుమలతో కలిపితే గాయం మాన్పి ఆరోగ్యాన్ని పెంచే మందు వస్తుందని తెలిశాక, పొలం కనబడితే ఆగకుండా ఉండలేరు.

శత్రువులు కూడా మనతో పాటు బలపడతారా?

కొంతవరకు. చాలా చోట్లకు కనిష్ఠ, గరిష్ఠ స్థాయిలు ఉంటాయి, ఆ హద్దుల లోపల మీరు మొదటిసారి అడుగుపెట్టినప్పటి మీ స్థాయిని బట్టి ఆ చోటి కష్టం స్థిరపడుతుంది. భయపడి పారిపోయి, బలం పెంచుకుని తిరిగి వస్తే గెలుస్తారు. ఆబ్లివియన్‌లో మామూలు బందిపోట్లు సైతం ఆటగాడితో పాటు ఖరీదైన కవచాలు తొడుక్కున్న వింత ఇక్కడ చాలా తగ్గింది.

తప్పులు, బగ్గులు ఎక్కువా?

ఎక్కువే, వాటిలో కొన్ని నవ్వు పుట్టిస్తాయి. రాక్షసుడు గదతో కొడితే మనిషి ఆకాశంలోకి ఎగిరిపోతాడు. అంగడివాడి తలకు బుట్ట బోర్లిస్తే అతనికి ఏమీ కనబడదు కనుక ఎదురుగా నిలబడి సరుకంతా దొంగిలించవచ్చు. ఆట భౌతిక సూత్రాలు సెకనుకు 60 ఫ్రేములకు, అంటే తెర మీద మారే 60 చిత్రాలకు, కట్టుబడి ఉండటం వల్ల, అంతకు మించిన వేగంతో నడిచే తెర ఉంటే మొదటి సన్నివేశంలోని బండే పల్టీ కొట్టవచ్చు. వేగాన్ని 60కి పరిమితం చేసుకోండి. కొన్ని తప్పులు నవ్వు తెప్పించేవి కావు. విండ్‌హెల్మ్‌లో హత్యల విచారణ కథ మధ్యలో నిలిచిపోయి ముందుకు కదలకపోవడం నాకే రెండుసార్లు జరిగింది. ప్లేస్టేషన్ 3లో సేవ్ ఫైలు పెరిగిన కొద్దీ ఆట నత్తనడక నడిచేది.

ఏ కూర్పు తీసుకోవాలి? నా కంప్యూటరు సరిపోతుందా?

2016 అక్టోబరులో వచ్చిన స్పెషల్ ఎడిషన్ తీసుకోండి. అది 64 బిట్ల కూర్పు కావడం వల్ల పాతదాని కంటే నిలకడగా నడుస్తుంది, డాన్‌గార్డ్, హార్త్‌ఫైర్, డ్రాగన్‌బోర్న్ అనే మూడు అనుబంధాలూ అందులోనే ఉంటాయి. దానికి 8 జీబీ ర్యామ్, 12 జీబీ ఖాళీ స్థలం కావాలని తయారీదారులే చెప్పారు. 2011 నాటి మొదటి కూర్పు 2 జీబీ ర్యామ్‌తో, 6 జీబీ స్థలంతో కూడా నడిచేది, కనుక మరీ పాత యంత్రం ఉన్నవారికి అదే గతి. 2021లో వచ్చిన యానివర్సరీ ఎడిషన్‌లో అదనపు సరుకు చాలా ఉంది కానీ, మొదటిసారి ఆడేవారికి దాని అవసరం లేదు. చేపలు పట్టడం, చలీ ఆకలీ చూసుకుంటూ బతికే సర్వైవల్ పద్ధతి స్పెషల్ ఎడిషన్ ఉన్నవారికి కూడా ఉచితంగానే చేరాయి.

పట్టణంలో ఒక దుకాణంలో తక్కువ ధరకు డిస్కు మీద కొని, అందులో ఆటతో పాటు వైరసు కూడా ఇంటికి తెచ్చుకున్నవాడిగా చెబుతున్నాను: స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో తరచుగా తగ్గింపు ధరలు పెడుతూ ఉంటారు, ఆగి కొనండి.

ఆడుతూ ఉండగా కరెంటు పోతే?

ఇది మన వైపు అడిగే ప్రశ్న. ల్యాప్‌టాప్ అయితే చింత లేదు. డెస్క్‌టాప్ అయితే, సరిగ్గా సేవ్ రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఆ ఫైలు పాడవుతుంది. ఒక వేసవి మధ్యాహ్నం నేను డ్రాగన్ ఎముకలు మోసుకుని, ఒక్కోటి 15 బరువు కనుక పరుగెత్తలేక, అడుగులో అడుగు వేసుకుంటూ వైట్‌రన్ ద్వారం దాకా వచ్చి, ఆటను వెంటనే సేవ్ చేసే ఎఫ్5 నొక్కాను. అదే సమయానికి కరెంటు పోయింది. నేను అంతకుముందు రోజంతా అదే ఒక్క సేవ్ మీద మళ్ళీ మళ్ళీ రాస్తూ పోవడం వల్ల ఆ రోజు ఆట మొత్తం పోయింది. ఎఫ్5 నే నమ్ముకోకుండా మెనూలోకి వెళ్ళి గంటకొకసారి కొత్త సేవ్ చేసుకోండి. చిన్న యూపీఎస్ ఒకటి ఉంటే మంచిది.

ఇంగ్లీషు అంతగా రాదు. ఆడగలనా?

తెలుగు కూర్పు లేదు, కానీ ఆడవచ్చు. సంభాషణల ఉపశీర్షికలను, సాధారణ మాటల ఉపశీర్షికలను వేర్వేరుగా పెట్టుకునే వీలుంది; రెండూ పెట్టుకోండి. వెళ్ళవలసిన చోటును బాణం గుర్తు చూపుతుంది. మాటలు అర్థం కాకపోయినా పని ఆగదు. నిజానికి ఆ బాణం గుర్తే ఒక లోపం. ఎవరో చెప్పిన ఆనవాళ్ళను బట్టి దారి వెతుక్కునే అవసరాన్ని అది తీసివేసింది. భాష వచ్చినవారు కూడా మాటలు వినకుండా బాణం వెంట పోతారు.

మాడ్లు వేసుకోవాలా?

మాడ్లు అంటే ఆటను మార్చడానికి ఆటగాళ్ళే తయారుచేసే చేర్పులు. మొదటిసారి రెండే చాలు: తప్పులు సరిదిద్దే అనధికార పాచ్, సంచి జాబితాను మౌసుకు అనువుగా మార్చే స్కైయూఐ. అసలు జాబితాను జాయ్‌స్టిక్ పట్టుకునేవారి కోసం తయారుచేశారు కనుక కీబోర్డుతో చికాకు పెడుతుంది. పాత కూర్పు మాడ్లు కొత్తదానిలో నేరుగా పనిచేయవు, చూసుకుని దింపుకోండి. బెథెస్డా 2012లో మాడ్లు తయారుచేసే తన సాధనాలనే జనానికి ఇవ్వడం వల్ల ఈ ఆట ఇంతకాలం బతికింది. 2015 ఏప్రిల్‌లో మాడ్లకు డబ్బు వసూలు చేసే పద్ధతి స్టీమ్‌లో పెట్టి, ఆటగాళ్ళు తిరగబడటంతో కొద్ది రోజులలోనే ఎత్తివేశారు.

ఇంటర్ చదివే మా పిల్లవాడు ఆడవచ్చా?

అమెరికా రేటింగు ప్రకారం ఇది 17 ఏళ్ళు నిండినవారికి. రక్తపాతం, తల నరికే దృశ్యాలు, మద్యం, నరమాంస భక్షణ మీద ఒక కథ ఉన్నాయి. వయసు సంగతి అటుంచితే, పరీక్షల ముందు ఈ ఆట వద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అరగంటలో ఆపేలా దీనిని తయారుచేయలేదు.

ఎన్ని గంటలు పడుతుంది?

ప్రధాన కథ మాత్రమే అయితే సుమారు ముప్పై గంటలు. అన్నీ చూడాలంటే రెండు వందలు దాటుతుంది. ఆ తరువాత కూడా ఆట తనంతట తాను కొత్త పనులు పుట్టించి ఇస్తూనే ఉంటుంది, వాటిలో చాలావరకు ఫలానా గుహలో ఫలానా వస్తువు తెమ్మనే రకం. అవి వరుసగా రావడం మొదలైతే ఆపేయవచ్చునని గుర్తు. నా ఇప్పటి పాత్ర నలభయ్యో స్థాయిలో ఉంది. ఏడువేల మెట్లలో ఇంకా మొదటిది ఎక్కలేదు. లూకన్ బంగారు గోరు ఇప్పటికీ నా సంచిలోనే ఉంది, అతను అంగడిలో బల్ల వెనుక అలాగే నిలబడి ఉన్నాడు.